బాట్లింగ్ రోజు పంచదార పాకం ఎంతసేపు మరిగించాలి? చల్లారేలోపు అందులో ఏదైనా పడితే?

గోదారి గట్టు (ఆస్టిన్, టెక్సస్)

అందరికీ నమస్కారం. ఇంట్లో కాచిన నా అమెరికన్ పేల్ ఏల్ బీరుని శనివారం సీసాల్లోకి నింపుతున్నాను. 5 గ్యాలన్ల బ్యాచ్. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఎప్పుడు చూసినా 1.012 దగ్గరే ఉంటోంది కాబట్టి పులియడం పూర్తయినట్టే. ఇంతవరకూ టెన్షన్ లేదు. టెన్షన్ అంతా సీసాల్లో గ్యాస్ (బుడగలు) పుట్టడానికి చివర్లో కలిపే పంచదార దగ్గరే.

కిట్‌తో వచ్చిన కాగితంలో 5 ఔన్సుల డెక్స్‌ట్రోజ్ (ఒక రకం చక్కెర) రెండు కప్పుల నీళ్లలో మరిగించి పోయమని ఉంది. ఎంతసేపు మరిగించాలో లేదు. మరిగిన పాకాన్ని పూర్తిగా చల్లార్చాలా? చల్లారే ఆ అరగంటలో గాల్లోంచి ఏదైనా పడితే అంత కష్టపడి కాచిన బీరంతా పాడవుతుందా? ఆఫీసులో ఒకాయన అసలు మరిగించనే అక్కర్లేదు, పొడి చక్కెర నేరుగా సీసాలో వేసెయ్ అంటున్నాడు. ఇంకొకాయన మైక్రోవేవ్‌లో పెట్టు చాలంటున్నాడు. ఎవరి మాట వినాలో చెప్పండి.

మాల్ట్ మాస్టారు (ఎడిసన్, న్యూజెర్సీ)

గోదారి గారూ, ముందు మీకు పనికొచ్చే పద్ధతి చెప్పేస్తాను. కారణాలు తర్వాత.

పంచదార కప్పుతో కొలవకండి, తూకం వేయండి. స్టీలు గిన్నెలో 350 నుంచి 400 మి.లీ. నీళ్లు పోసి, స్టవ్ మీద వేడెక్కాక పంచదార వేసి, కరిగేదాకా కలపండి. బాగా తెర్లుతున్నప్పటి నుంచి లెక్కపెట్టి అయిదు నిమిషాలు మరిగించండి. ఎవరైనా పది నిమిషాలన్నా తప్పేమీ లేదు, కాస్త నీళ్లు ఎక్కువ ఆవిరవుతాయి, అంతే. అది తీగపాకం కాకూడదన్న ఒక్క జాగ్రత్త ఉంటే చాలు. చిక్కటి పాకం బీరులో కలవదు. బకెట్ అడుగున కూర్చుండిపోతుంది.

ఆఖరి రెండు నిమిషాలు మూత పెట్టి మరిగించండి. ఆవిరి తగిలి మూత లోపలి వైపు కూడా శుభ్రపడుతుంది. స్టవ్ ఆపాక ఆ మూత తీయకుండా గిన్నెను సింకులో చల్లటి నీళ్లలో దించండి. సింకులో నీళ్లు గిన్నె అంచుకు బాగా కిందే ఉండాలి. పదిహేను నిమిషాల్లో గోరువెచ్చగా అవుతుంది. తొందరపడి లోపల ఐస్ ముక్కలు వేయొద్దు. ఫ్రీజర్ ట్రేలో ఐస్ శుభ్రమైనదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక పూర్తిగా చల్లారాలా అని అడిగారు. అక్కర్లేదు. 300 మి.లీ. మరిగే పాకాన్ని 19 లీటర్ల బీరులో కలిపినా మొత్తం వేడి ఒక్క డిగ్రీ, మహా అయితే డిగ్రీంబావు పెరుగుతుంది. సీసాలో గ్యాస్ పుట్టించే ఈస్ట్ చచ్చిపోదు. అయినా మరుగుతున్నది ప్లాస్టిక్ బకెట్లో పోయడం ఎందుకని గోరువెచ్చగా అయ్యేదాకా ఆగమంటాను.

పాకం ముందు, బీరు తర్వాత. ఖాళీ బాట్లింగ్ బకెట్లో (సీసాలు నింపడానికి కుళాయి ఉన్న బకెట్) పాకం పోసి, సైఫన్ గొట్టం చివర బకెట్ అడుగున గోడకు ఆనేలా వంకరగా పెట్టండి. బీరు నెమ్మదిగా సుడి తిరుగుతూ నిండుతుంది, కలవడం దానంతటదే జరిగిపోతుంది. చివర్లో శానిటైజ్ చేసిన గరిటెతో బుడగలు రాకుండా మెల్లగా రెండు మూడు సార్లు తిప్పండి.

మైక్రోవేవ్ కూడా పనిచేస్తుంది. కానీ అందులో నీళ్లు మరిగే వేడి దాటినా పైకి కదలకుండా ఉండి, పంచదార వేయగానే ఒక్కసారిగా పొంగి చేతుల మీద పడొచ్చు. స్టవ్ ఉండగా ఆ రిస్క్ ఎందుకు?

బ్రిస్బేన్ బాబాయ్ (బ్రిస్బేన్, ఆస్ట్రేలియా)

మాస్టారు చెప్పిన పద్ధతి మంచిదే, కాదనను. కానీ మీ ఆఫీసాయన చెప్పింది కూడా కొట్టిపారేసేది కాదు. ఇక్కడ చాలామంది ఇళ్లలో సీసాకి నేరుగా చక్కెర వేస్తారు. కూపర్స్ వాళ్లు అమ్మే కార్బొనేషన్ డ్రాప్స్ అంటే చక్కెర బిళ్లలే. 375 మి.లీ. సీసాకి ఒకటి, 750కి రెండు. ప్యాకెట్ చింపి వేయడమే, ఎవరూ మరిగించరు. అమెరికాలో మీకు దొరికే డోమినో డాట్స్ చక్కెర ఘనాలు ఒక్కోటి దాదాపు 2.3 గ్రాములుంటాయి, 12 ఔన్సుల సీసాకి సరిగ్గా ఒకటి సరిపోతుంది.

పొడి చక్కెరలో తేమ ఉండదు కాబట్టి అందులో ఏ సూక్ష్మజీవీ పెరగదు. మా ఇంట్లో ఎప్పుడూ ఈ పద్ధతే. చక్కెర వల్ల పాడైన సీసా నాకు తెలిసి ఒక్కటీ లేదు.

ఈస్ట్ అక్క (లెస్టర్, ఇంగ్లండ్)

నేను ఫుడ్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. బాబాయ్ గారి మాటలో ఎంత నిజముందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలని రాస్తున్నాను.

పొడి పంచదారలో సూక్ష్మజీవులు పెరగవన్నది నిజం. పెరగకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈస్ట్ కణాలు, బ్యాక్టీరియా స్పోర్లు ఆ పొడిలో నిద్రపోతూ బతకగలవు, తడి తగిలితే లేస్తాయి. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ప్యాకెట్లో వాటి సంఖ్య చాలా తక్కువ. కార్బొనేషన్ డ్రాప్స్ నెగ్గుకొస్తున్నది అందుకే. వంటింట్లో నెలల తరబడి తెరిచి మూసి, తడి చెంచా పెట్టి తీసే పంచదార డబ్బా సంగతి అలా కాదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే దాంట్లోకి తేమ పోయిందన్న మాట. అలాంటి పంచదార మరిగించకుండా వాడొద్దు.

రెండో విషయం, బీరు తనను తాను చాలావరకు కాపాడుకుంటుంది. పులిసిన బీరు పీహెచ్ సాధారణంగా 4.0 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆల్కహాల్ ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు, హాప్స్ అనే పువ్వుల చేదు ఉంటుంది. హాప్స్‌లోని ఆమ్లాలు లాక్టోబాసిల్లస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను అణచివేస్తాయి. మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియా ఈ పరిస్థితుల్లో పెరగదు. కాబట్టి పంచదార వల్ల బీరు విషమవుతుందేమోనన్న భయం వద్దు. రుచి పాడవడం, గ్యాస్ మితిమీరడం, వీటి గురించే మనం జాగ్రత్తపడేది.

పాడుచేసేవి ఎవరంటే: హాప్స్‌కి అలవాటుపడిన కొన్ని లాక్టోబాసిల్లస్, పెడియోకాకస్ రకాలు, అడవి ఈస్టులు, ముఖ్యంగా బ్రెటనోమైసిస్, ఇంకా డయాస్టాటికస్ అనే ఈస్ట్ రకం. చివరిది మామూలు బీరు ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లను కూడా చక్కెరగా విరిచి తినేస్తుంది. సీసాలు పగలడం దాకా వెళ్లేది ఇలాంటివాటి వల్లే. గాలి బాగా తగిలితే ఎసిటోబాక్టర్ వచ్చి వెనిగర్ చేస్తుంది.

ఇవేవీ వేడికి నిలిచేవి కావు. బ్రూవరీలు సీసాలను 60 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి పాశ్చరైజ్ చేస్తాయి. బీరు పాడవడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1870ల్లోనే తేల్చాడు. 60 డిగ్రీలకే పని అయిపోతుంటే 100 డిగ్రీల్లో అయిదు నిమిషాలంటే అవసరానికి మించిన భద్రతే. స్పోర్లు మాత్రం మరిగించినా చావవు, కానీ బీరు పులుపులో అవి మొలకెత్తవు.

అందుకే గోదారి గారూ, పాకం మరిగిన క్షణంలో మీ చేతిలో ఉన్నది ఆ రోజు ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన వస్తువు. ఆ తర్వాత దాన్ని ఏవేవి తాకాయన్నదే అసలు ప్రశ్న. చెంచా, థర్మామీటర్, కొలగిన్నె, గరాటు. వీటిలో దేన్నీ శానిటైజ్ చేయకుండా పాకంలో పెట్టొద్దు.

గోదారి గట్టు

అక్కా, మాస్టారూ, చాలా థాంక్స్. ఒక్క సందేహం. శనివారం అంటే మా ఇంట్లో దోసెల పిండి రుబ్బే రోజు. గ్రైండర్ పక్కనే స్టవ్. ఏమైనా ఇబ్బందా?

ఈస్ట్ అక్క

మంచి ప్రశ్న అడిగారు. మన వంటిళ్లకు ప్రత్యేకంగా వర్తించేది ఇదే. దోసెల పిండి, ఇడ్లీ పిండి పులిసేది ల్యూకోనోస్టాక్ లాంటి లాక్టిక్ బ్యాక్టీరియా వల్ల. పెరుగులో లాక్టోబాసిల్లస్ జాతులు ఉంటాయి. ఇవి చాలావరకు హాప్స్ చేదుకి తట్టుకోలేవు కాబట్టి మీ పేల్ ఏల్‌కి పెద్ద ప్రమాదం లేదు. గోధుమ బీరు లాంటి చేదు తక్కువ రకాలకు కాస్త ఎక్కువ. అయినా ఆ రెండు పనులూ ఒకే పూట పెట్టుకోవద్దు. పొద్దున బాట్లింగ్, సాయంత్రం రుబ్బు. పెరుగు గరిటె, చెక్క తెడ్డు పాకం దగ్గరికి రానివ్వొద్దు. చెక్క సందుల్లో తేమ, మడ్డి నిలుస్తాయి, దాన్ని శానిటైజ్ చేయడం కష్టం. స్టీలు గరిటె ఒకటి బీరుకే కేటాయించుకోండి.

మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజలు పగలగొట్టే మిల్లు ఉంటే దాన్ని కూడా ఆ రోజు ముట్టొద్దు. మాల్ట్ పొట్టు మీద లాక్టోబాసిల్లస్ పుష్కలంగా ఉంటుంది. దోసెల పిండి తడిగా గిన్నెలో కూర్చుంటుంది, మాల్ట్ దుమ్ము గదంతా ఎగురుతుంది. రెండిట్లో నేను భయపడేది దుమ్ముకే.

కొండమీద కాచేవాడు (డెన్వర్, కొలరాడో)

మా ఊరు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అందుకని నేను పాకాన్ని కుక్కర్లో పెడతాను. గాజు సీసాలో పంచదార, నీళ్లు పోసి, మూత వదులుగా బిగించి, మన ఇండియా కుక్కర్లో అడుగున నీళ్లు పోసి పదిహేను నిమిషాలు. ల్యాబ్ ఆటోక్లేవ్ చేసే పని ఇదేగా?

ఈస్ట్ అక్క

పనిచేస్తుంది, నిజమే. 15 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర కుక్కర్ లోపల సముద్ర మట్టంలో అయితే 121 డిగ్రీల దాకా వస్తుంది, మీ ఎత్తులో కాస్త తక్కువ; ఆ వేడికి స్పోర్లు కూడా పోతాయి. ఈస్ట్‌ను ముందుగా పెంచుకునే స్టార్టర్ కోసం వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ కషాయం) ముందే తయారుచేసి నిలవ ఉంచుకునేవాళ్లకు అది తప్పనిసరి, ఎందుకంటే వోర్ట్ పులుపు తక్కువ, మరిగించి మాత్రమే సీసాలో బంధిస్తే బొటులిజం ప్రమాదం ఉంది. బాట్లింగ్ పాకానికి మాత్రం అంత అవసరం లేదు. 95 డిగ్రీలు కూడా పాశ్చరైజేషన్ వేడికి చాలా పైనే. మీకు అలవాటైతే మానక్కర్లేదు. కాకపోతే వంటకు వాడే గాజు అంత వేడికి తట్టుకునేదో కాదో చూసుకోండి. కుక్కర్ ఒత్తిడి దానంతటది తగ్గేదాకా మూత తెరవొద్దు. లేదంటే సీసా లోపలి పాకం పొంగిపోతుంది.

మాల్ట్ మాస్టారు

బ్రిస్బేన్ బాబాయ్ గారి మాట మీద నాకు అభ్యంతరం శుభ్రత గురించి కాదు. పొడి చక్కెర నేరుగా బకెట్లోని బీరులో వేస్తే, ఆ గింజల చుట్టూ గ్యాస్ పట్టుకుని భుస్సున నురగ లేస్తుంది. బీరులో పులియడం అయిపోయాక కూడా గ్యాస్ కొంత కరిగే ఉంటుంది, 20 డిగ్రీల్లో సుమారు 0.86 వాల్యూమ్‌లు, అంటే లీటరు బీరులో 0.86 లీటర్ల గ్యాస్. సీసాకి ముందు చక్కెర వేసి తర్వాత బీరు నింపితే ఇది కొంత నయం.

మరిగించడం వల్ల ఒకే పనితో నాలుగు జరుగుతాయి. పంచదార పూర్తిగా కరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ పోతుంది, క్లోరిన్ పోతుంది, సూక్ష్మజీవులు పోతాయి. క్లోరమైన్ కలిపే ఊళ్లలో మాత్రం మరిగించినా అది పోదు, అక్కడ ఫిల్టర్ నీళ్లు వాడండి. ఇంత లాభం అయిదు నిమిషాల్లో వస్తుంటే వదులుకోవడం దేనికి?

కానీ అసలు నేను అడగాలనుకున్నది వేరే. ఇక్కడ ఎవరైనా "పంచదార వల్లే ఇన్ఫెక్షన్ వచ్చింది" అని రుజువుతో చెప్పగలరా? నాకు తెలిసి నూటికి తొంభై పాళ్లు నేరం బాట్లింగ్ బకెట్ కుళాయిది. దాన్ని బకెట్ నుంచి ఊడదీసి, తిరిగే లోపలి భాగాన్ని కూడా వేరు చేసి చూడండి. పోయినసారి బీరు అక్కడ ఎండి, గోధుమ రంగు జిడ్డుగా అంటుకుని ఉంటుంది. కొన్ని కుళాయిలు ఊడిరావు. వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి, గట్టి గుడ్డ పట్టుకుని లాగితే వస్తాయి. రాకపోతే అది పారేసి ఊడేది కొనుక్కోండి, కొన్ని డాలర్లే.

తర్వాత అనుమానించాల్సింది సైఫన్ గొట్టం. లోపల మరకలు కనిపిస్తే కడగడానికి ప్రయత్నించొద్దు, కొత్తది కోయించుకోండి. మూడోది బాట్లింగ్ వాండ్ (సీసాలోకి దించి నింపే గొట్టం) కొసన ఉండే స్ప్రింగ్. వీటన్నిటి గుండా బీరు చుక్క చుక్కా వెళ్తుంది. వీటిని వదిలేసి పాకాన్ని అరగంట మరిగించినా ఉపయోగం సున్నా.

సీసామూత (చార్లెట్, నార్త్ కరోలినా)

ఇదే సందర్భంలో అడుగుతున్నాను. మా రూమ్మేట్ బ్యాచ్‌లో సగం సీసాలు తెరిస్తే భుస్సుమని పొంగుతున్నాయి, మిగతా సగం గ్యాస్ లేకుండా చప్పగా ఉన్నాయి. ఇన్ఫెక్షనే అని వాడు మొత్తం పారబోద్దామంటున్నాడు. వాసన మాత్రం బాగానే ఉంది. మీరేమంటారు?

మాల్ట్ మాస్టారు

పారబోయొద్దని చెప్పండి! సగం పొంగి సగం చప్పగా ఉంటే మొదట అనుమానించాల్సింది పాకం సరిగా కలవకపోవడం. బకెట్ అడుగు నుంచి నింపినవి ఎక్కువ పంచదారతో, పైనుంచి వచ్చినవి తక్కువతో వెళ్లి ఉంటాయి. ఇన్ఫెక్షన్ బకెట్లోనే వచ్చి ఉంటే దాదాపు అన్ని సీసాలూ పొంగుతాయి, వారాలు గడిచేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. కొన్ని సీసాలే మురికిగా ఉండి ఉంటే అక్కడో ఇక్కడో ఒకటి పొంగుతుంది, మెడ లోపల బీరు మట్టం దగ్గర తెల్లటి వలయం కనిపించొచ్చు.

తేల్చుకోవడానికి హైడ్రోమీటర్ చాలు. పొంగే సీసా ఒకటి బాగా చల్లార్చి తెరిచి, గ్యాస్ పోయేదాకా రెండు గ్లాసుల్లో అటూ ఇటూ పోసి, గది వేడికి వచ్చాక గ్రావిటీ (సాంద్రత) చూడండి. పాకం కలిపినప్పుడు గ్రావిటీ రెండు పాయింట్ల (0.002) పైచిలుకు పెరుగుతుంది, ఈస్ట్ దాన్ని తినేశాక మళ్లీ పాత అంకెకే దిగుతుంది. బాట్లింగ్‌కి ముందు 1.012 ఉంటే ఇప్పుడూ 1.012 దగ్గరే ఉండాలి. అలా ఉంటే అది పంచదార లెక్క. 1.006కో 1.004కో దిగిపోయిందంటే, పులియడం పూర్తికాకముందే నింపడమో, లేదా అక్క చెప్పిన డయాస్టాటికస్ లాంటిదేదో లోపల దూరడమో జరిగింది.

ఏది ఏమైనా పొంగే సీసాలను చేత్తో ముట్టుకునే ముందు దళసరి గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోమనండి. అన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చమనండి, చల్లదనంలో ఒత్తిడి తగ్గుతుంది. ఫ్రిజ్ దాకా మోసేటప్పుడు తువ్వాలు చుట్టమనండి. సీసా పేలితే గాజు ముక్కలు గోడలో గుచ్చుకునేంత వేగంతో వస్తాయి. ఇందులో మొహమాటం పనికిరాదు.

సీసామూత

1.012 కంటే ఒక్క గీత కూడా తగ్గలేదు మాస్టారూ! చప్పగా ఉన్న సీసాలకు ఏం చేయాలి?

బ్రిస్బేన్ బాబాయ్

వాటి మూతలు తీసి, సీసాకి అర చక్కెర డ్రాప్ వేసి వెంటనే మళ్లీ మూత బిగించండి. ఇలాంటి చోట పొడి చక్కెరే దిక్కు. కానీ పూర్తిగా చప్పగా ఉన్నవాటికి మాత్రమే. కొంచెం బుడగ ఉన్నవాటిని ముట్టుకోవద్దు.

కాకినాడ కాజా (సియాటిల్)

నాకు బెల్లంతో చేయాలని కోరిక. స్టౌట్ అనే నల్ల బీరు కాచాను, అందులో బెల్లం రుచి బాగుంటుందని ఆశ. బెల్లం పాకం కూడా ఇలాగేనా? తేనె వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఈస్ట్ అక్క

బెల్లానికి పంచదారకంటే రెట్టింపు జాగ్రత్త కావాలి కాజా గారూ. బెల్లం తేమను పీల్చుకుంటుంది, దాని మీద బూజు, ఈస్ట్ నిజంగానే పెరుగుతాయి. ఇసుక, చెరకు పిప్పి, గోనెపీచు ఉండనే ఉంటాయి. కాబట్టి దంచి, రెట్టింపు నీళ్లలో వేసి కరిగించండి. పైకి వచ్చిన మడ్డి తీసేసి ముందు వడకట్టండి. వడకట్టిన తర్వాతే అయిదు నుంచి పది నిమిషాలు మరిగించండి. ఈ వరస చాలా ముఖ్యం. పాయసానికి మనం చేసినట్టు మరిగించి ఆఖర్న గుడ్డలో వడకడితే, ఆ గుడ్డలో ఉన్నవన్నీ తిరిగి పాకంలోకి వస్తాయి.

బెల్లంలో నీళ్లు, ఖనిజాలు కూడా ఉంటాయి కాబట్టి పులిసే చక్కెర పంచదారకంటే తక్కువ, అది కూడా దిమ్మ దిమ్మకీ మారుతుంది. పంచదార లెక్క మీద 15 శాతం దాకా ఎక్కువ వేసుకోవచ్చు, అంతకు మించొద్దు. గ్యాస్ కాస్త తక్కువైనా స్టౌట్‌కి బాగానే ఉంటుంది. రుచి మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. 19 లీటర్లలో 130 గ్రాముల బెల్లం నాలుకకు అందడం కష్టం. రుచే కావాలంటే వచ్చేసారి వోర్ట్ కాచేటప్పుడు చివర్లో అరకిలో వేయండి.

తేనెలో అంత తీపిని తట్టుకునే ఈస్టులు ఉంటాయి. మరిగిస్తే సువాసన పోతుంది. కొద్దిగా నీళ్లు కలిపి 75, 80 డిగ్రీల మధ్య పది నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

మూసీ తీరం (హైదరాబాద్)

ఇదంతా చదువుతుంటే నాక్కూడా చేయాలనిపిస్తోంది అన్నా. ఇక్కడ పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మొదలుపెట్టొచ్చా?

నిర్వాహకులు

మూసీ తీరం గారూ, తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. 1968లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టమే రెండు చోట్లా దీనికి మూలం. సొంతానికి కొంచెమే అన్నా మినహాయింపు లేదు. పరికరాలు అమ్ముతున్నారని అనుమతి ఉన్నట్టు కాదు. హైదరాబాద్‌లో లైసెన్సున్న మైక్రోబ్రూవరీలు ఉన్నాయి, పని నేర్చుకోవాలంటే అక్కడ ఉద్యోగమో శిక్షణో అడగడం సరైన దారి.

ఇక్కడ బీరు కాచే మిగతావాళ్లంతా అనుమతి ఉన్న దేశాల్లో ఉన్నారు. బ్రిటన్‌లో 1963 నుంచి ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు.

చిన్న బ్యాచ్ (లండన్)

నాది ఒక గ్యాలన్ బ్యాచ్. పది సీసాలే వస్తాయి. అంత కొంచెం బీరుని ఇంకో బకెట్లోకి మార్చడం దండగనిపిస్తోంది. సిరంజితో సీసాకింత పాకం పోయొచ్చా?

మాల్ట్ మాస్టారు

చిన్న బ్యాచ్‌కి అదే మేలైన దారి. ఒక పాత్ర తగ్గితే శానిటైజ్ చేయాల్సింది ఒకటి తగ్గినట్టే. 25 గ్రాముల మామూలు పంచదార నీళ్లలో మరిగించండి. ఆఖర్న పాకం మొత్తం 110 మి.లీ. ఉండాలి, ఆవిరై తగ్గితే విడిగా మరిగించిన నీళ్లతో నింపండి. మందుల షాపులో దొరికే సూది లేని కొత్త సిరంజితో 355 మి.లీ. సీసాకి 10 మి.లీ. చొప్పున పోస్తే ఒక్కోదానికి 2.3 గ్రాములు పడుతుంది. సిరంజిలోకి ముందు శానిటైజర్ పీల్చి నిమిషం ఉంచి వదిలేయండి. వాడుతూ మధ్యలో బల్ల మీద పడుకోబెట్టొద్దు, శానిటైజర్ ఉన్న గ్లాసులో నిలబెట్టండి.

మిగిలిన పాకం దాచొద్దు. ఫ్రిజ్‌లో పెట్టినా పల్చటి పాకానికి బూజు వస్తుంది. పంచదార ఖరీదెంతని? ప్రతిసారీ కొత్తగా కాచుకోండి.

కొండమీద కాచేవాడు

శానిటైజర్ అంటున్నారు కాబట్టి, స్టార్ శాన్ వాడేవాళ్లకు ఒక మాట. 5 గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు, అంటే లీటరుకి సుమారు 1.6 మి.లీ. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు. వస్తువు మీద రెండు నిమిషాలు తడిగా ఉండాలి. అది ఆమ్లం, మురికి మీద పనిచేయదు, ముందు కడిగి తర్వాతే ముంచాలి. మిగిలిన నురగ కడగక్కర్లేదు, పాకంలో కాస్త పడినా బీరుకి హాని లేదు. బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాల మీదికొస్తుంది.

గోదారి గట్టు

అన్నీ రాసుకున్నాను. కుళాయి ఊడదీసి చూశాను, మాస్టారు చెప్పిన జిడ్డు నిజంగానే ఉంది. వేడి నీళ్లలో నానబెట్టాను. ఆఖరి సందేహం: కిట్‌లో 5 ఔన్సులు అంటే 142 గ్రాముల డెక్స్‌ట్రోజ్. మొత్తం వేసేయాలా? అడుగు మడ్డి వదిలేస్తే నాకు 17 లీటర్లే వచ్చేలా ఉంది.

మాల్ట్ మాస్టారు

మొత్తం వేయొద్దు. కిట్ లెక్క నిండు 5 గ్యాలన్లకి. మీ బీరు 20 డిగ్రీల దగ్గర ఉంటే, 2.4 వాల్యూమ్‌ల గ్యాస్‌కి 19 లీటర్లకు దాదాపు 129 గ్రాముల డెక్స్‌ట్రోజ్ పడుతుంది. 17 లీటర్లకు 115 చాలు. మామూలు పంచదార అయితే 100. ఆ తేడా ముఖ్యంగా డెక్స్‌ట్రోజ్‌లో కొంత నీరు కలిసి ఉండడం వల్ల. పాకం కాచే ముందే ఫెర్మెంటర్ (బీరు పులియబెట్టిన పాత్ర) మీద గీత చూసి బీరు ఎంతుందో అంచనా వేసుకోండి.

ఒక్క సీసా మాత్రం ప్లాస్టిక్ సోడా బాటిల్‌లో నింపండి, దాన్నీ శానిటైజ్ చేశాకే. 20, 21 డిగ్రీల గదిలో అన్నిటితోపాటు పెట్టి, అప్పుడప్పుడు నొక్కి చూడండి. వేలికి గట్టిగా తగిలితే గ్యాస్ పట్టినట్టు. మామూలుగా రెండు వారాలు పడుతుంది. రాయిలా బిగుసుకుపోతే మాత్రం ఆగకుండా సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టి ఇక్కడ రాయండి.